తుమ్మవనంలో నిప్పుచట్టి

ఎండలు ముదిరే పంగుని నెల వచ్చిందంటే తిరుపతిసామికి కళ్ళకంటే ముందు ముక్కు మేలుకునేది. చాప మీద నుంచి లేవకుండానే గాలి పీల్చి చూసుకునేవాడు. పొయ్యి పొగ ఒక రకం, పిడకల పొగ ఒక రకం, ఎండుగడ్డి పొగ ఇంకో రకం. ఆ మూడోది లేదని తేలాకే కాళ్ళు నేల మీద పెట్టేవాడు. ఊళ్ళోవాళ్ళు దానికి నవ్వేవాళ్ళు. నవ్వేవాళ్ళకేం, వాళ్ళు జొన్నా పత్తీ వేసుకుంటారు, కోసి ఇంటికి తెచ్చుకుంటారు. ఇతను వేసింది అడవి. అది ఇంటికొచ్చే పంట కాదు. ఎండాకాలమంతా అగ్గి నోటి ముందు పరిచిపెట్టిన కూడు.

వాళ్ళ ఊరు వెంగలనాయకన్‌పట్టి. కోవిల్‌పట్టి నుంచి కళుగుమలైకి పోయే దారిలో లోపలికి దిగితే వస్తుంది. తాతలనాడు ఎప్పుడో ఉత్తరాన తెలుగునేల నుంచి వచ్చి స్థిరపడిన నాయుళ్ళ ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. చుట్టూ నల్లరేగడి, పడమట మాత్రం గుట్ట దాకా ఎర్ర గరపనేల. అందులో దున్నితే నాగలి విరగడమే తప్ప గింజ రాలదు. కోవిల్‌పట్టి పత్తిమిల్లుల బాయిలర్లు చుట్టుపక్కల కనిపించిన కంపనల్లా మింగేశాక, నాగలికి ఒక మంచి కట్టె కావాలన్నా కొండలకు పోవలసి వచ్చింది. అప్పుడు సర్కారు ఆ గరపనేలను తీసుకుని తుమ్మవనం పెంచుతానంది, కాపలాకు ఊరివాడే కావాలంది. పొలం తక్కువ, ఓపిక ఎక్కువ ఉన్న తిరుపతిసామి దొరికాడు. ఫారెస్టు వాచరు అని పేరు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టు ఆ పేరుతో పాటు ఇచ్చింది ఒక ఖాకీ చొక్కా, ఒక కొడవలి.

వనం వేసే పద్ధతి విరుదునగర్ నుంచి వచ్చే రేంజరు నేర్పాడు. చెట్టు కింద రాలిన తుమ్మగింజలు నేరుగా విత్తితే సగం మొలవవు, వాటి పెంకు అంత గట్టిది. మేకలు తిని దొడ్డిలో విడిచిన గింజలే మొలుస్తాయి. కాబట్టి తిరుపతిసామి ఊళ్ళోని దొడ్లన్నీ ఊడ్చి గింజలు ఏరి తెచ్చాడు. వాలుకు అడ్డంగా చాళ్ళు తీసి, దీపావళి నాటి అయిప్పసి వానకు విత్తాడు. మొలిచిన మరుసటి నెల నుంచి అవే మేకలను తరమడం మొదలుపెట్టాడు. పుట్టించేదీ మేకే, చంపేదీ మేకే, మధ్యలో నేనెవర్నిరా అని అప్పట్లో నవ్వుకునేవాడు. ఒత్తుగా లేచినచోట బక్కవి పీకెయ్యమని రేంజరు చెబితే, ఆ పని చేసిన పూట అతనికి అన్నం సయించేది కాదు. ఏడేళ్ళలో వనం తలెత్తి చూడవలసినంత ఎదిగింది. నీడపడితే గడ్డి లేచింది. గడ్డి లేస్తే భయం లేచింది.

ఆ భయానికి మందు ఒకటే. పంగునికి ముందటి మాసి నెలలో, గాలులు లేవకముందు, వనం చుట్టూ, లోపలి బాటకు రెండువైపులా బారెడు మేర గడ్డి కోసి, ఎండబెట్టి, మంచు ఆరని వేకువన తామే తగలబెట్టెయ్యాలి. నేల నల్లగా బోడిగా మిగులుతుంది. తర్వాత ఏ నిప్పు వచ్చినా అక్కడిదాకా వచ్చి తినడానికేమీ లేక చచ్చిపోతుంది. రేంజరు దాన్ని ఫైర్‌లైను అనేవాడు. ఊళ్ళో అగ్గిగీత అనేవాళ్ళు.

ఆ ఏడు అగ్గిగీత పడలేదు. తప్పు తిరుపతిసామిదే, కానీ దాన్ని తప్పని ఎలా అంటాం? వరసగా రెండు పంటకార్లు వాన ముఖం చాటేసింది. ఊళ్ళో ఎద్దుల పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. గీత మీది గడ్డిని ఉత్తపుణ్యానికి కాల్చడమెందుకు, ఎద్దులకు కోసుకోండి, మిగిలింది తర్వాత కాలుస్తానన్నాడు. జనం వచ్చారు. చుట్టూ గీత మీది మెత్తటి గడ్డి ఊడ్చుకుపోయారు. లోపలి బాట పక్కన బోద లాంటి మొరటు గడ్డిని మాత్రం పశువులు ముట్టవని వదిలేశారు. ఇంకో నాలుగు రోజుల్లో దాన్ని కాల్చేద్దామనుకుంటూ ఉండగానే, గుడి పూజారి పాలసామి మారియమ్మ పండుగకు చేతికి పసుపుతాడు కాపు కట్టేశాడు.

కాపు కట్టాక పండుగ ముగిసేదాకా ఊరివాళ్ళు కొన్ని చెయ్యరు. పచ్చికొమ్మ విరవరు. అమ్మకు వేపాకు కావాలన్నా పూజారి చెయ్యే విరవాలి. పొయ్యిలో తప్ప బయట ఎక్కడా నిప్పు పెట్టరు. ఎందుకంటే ఆ రోజుల్లో ఊళ్ళో ఉన్న నిప్పంతా అమ్మది. తిరుపతిసామి కూలీలను పిలిచాడు. ఎండుగడ్డి కోసిపెట్టడానికైనా చుట్టాలు కూడా రాలేదు. పూజారి కాళ్ళావేళ్ళా పడితే, చచ్చిన గడ్డి కొయ్యి గాని అగ్గి మాత్రం పెట్టొద్దన్నాడు.

మామూలు ఏడైతే దానికీ గుండె దిటవు చేసుకునేవాడు. కానీ ఆ ఏడు ఆ బాట వెంట నిప్పు నడిచిపోబోతోంది. అమ్మకు మొక్కిన నిప్పుచట్టిని అరచేతుల్లో ఎత్తబోయేది అతని పెళ్ళాం వీరమ్మాళ్.

పోయిన ఎండాకాలం ఊళ్ళో అమ్మ పోసింది. వాళ్ళ ఇల్లు తప్ప ఆ వీధిలో పాడె లేవని ఇల్లు లేదు. ఒళ్ళంతా పొక్కులతో అరటాకు మీద పడుకున్న కూతురు చిన్నతాయి కళ్ళు కూడా తెరవలేని పూట, వీరమ్మాళ్ వాకిట్లో మోకరించి మొక్కుకుంది. బిడ్డను నాకు వదిలిపెట్టు తల్లీ, వచ్చే పంగునికి మన ఊరి బావి నుంచి నీ గుడి దాకా, నువ్వు నడిచే బాటనే, అగ్గిచట్టి ఎత్తుకొస్తాను. మూడోనాటికి పొక్కులు వాడిపోయాయి. వీధిలో అమ్మ పోసిన పిల్లల్లో బతికి బయటపడింది చిన్నతాయి ఒక్కతే. మిగతా తల్లులు ఆ పిల్లను ఎత్తుకుని ముద్దాడుతూనే, మొక్కు ఎప్పుడమ్మా అని వీరమ్మాళ్‌ను అడిగేవాళ్ళు. ఆ అడగడంలో ఏముందో తిరుపతిసామికి తెలుసు.

అమ్మ నడిచే బాట అంటే వనం మధ్యలో పోయే బాటే. గుడి గుట్టకు అవతల ఉంది. సర్కారు వనం చుట్టూ కంప వేసినప్పుడు కూడా ఊరు ఆ బాట ఒక్కటి వదలనంది. నిప్పుచట్టికి నియమాలున్నాయి. ఎత్తిన చట్టిని గుడిలో తప్ప దించకూడదు. వెనక్కి తిరగకూడదు. దారిలో ఆరిపోతే అమ్మ మొక్కు తీసుకోలేదని లెక్క. తీసుకోకపోతే తను ఇచ్చింది తను పట్టుకుపోతుంది. దీన్ని ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు.

భోజనాల దగ్గర తిరుపతిసామి మాట కదిపాడు.

“ఈ తూరి రోడ్డు మీద చుట్టుకోని పోదాం. బాట పక్కన గడ్డి నిలబడుండాది. గాలి సరిలేదు.”

అతని తల్లి గురువమ్మాళ్ విస్తరి ముందు నుంచి తల ఎత్తింది. “అది అమ్మ బాటరా. నీ సర్కారు వచ్చేదానికి ముందే వచ్చుండాది. దాన్ని తిప్పేదానికి నువ్వెవురు?”

“తిప్పేది కాదమ్మా. ఒక నిప్పురవ పడినా వనమంతా పోతాది.”

“వనం పోతే మళ్ళీ వేస్తావు. బిడ్డ పోతే?”

గురువమ్మాళ్ ఆ మాట అనేసి తనే నోరు మూసుకుంది. వీరమ్మాళ్ అత్తకు మజ్జిగ పోస్తున్నదల్లా ముంత కింద పెట్టింది. ఆమె అతని మేనమామ కూతురే, చిన్నప్పటి నుంచి ఎరిగినదే. మొగుడికి అడ్డు చెప్పే మనిషి కాదు, కానీ చెప్పవలసినప్పుడు చెబుతుంది.

“మొక్కినప్పుడే బాట చెప్పేస్తిని బావా. ఇప్పుడు మార్చి చెప్తే అమ్మకు నాకు మద్దిన మాట ఏముంటాది?”

తిరుపతిసామికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. మూలన చిన్నతాయి మచ్చల ముఖంతో, అన్నం మెతుకులు పిల్లికి వేస్తూ కూర్చుంది.

పండుగకు రెండు రోజుల ముందు రేంజరు కోవిల్‌పట్టిలో రైలు దిగి, జట్కా మీద వచ్చాడు. నెమ్మదైన మనిషి, అరవంలోనే మాట్లాడేవాడు. బాట పక్కన గడ్డి చూసి టోపీ తీసేశాడు.

“గీత ఎందుకు కాల్చలేదు?”

తిరుపతిసామి చెప్పుకున్నాడు. ఎద్దుల సంగతి, కాపు సంగతి, మొక్కు సంగతి. మొక్కు ఎవరిదో మాత్రం చెప్పలేదు.

“బాట మూసెయ్. కంప అడ్డం వెయ్యి.”

“ఊరు ఒప్పుకోదయ్యా.”

“ఊరి సంగతి నాకొద్దు. ఇంత మొరటు గడ్డికి అంటుకుంటే నువ్వూ నేనూ కాదు, కోవిల్‌పట్టి మొత్తం వచ్చినా ఆర్పలేం. వేళ్ళతో సహా పోతుంది. ఇంకో ఏడేళ్ళు నువ్వుంటావా, నేనుంటానా?” అని, పోతూ పోతూ ఒక తుమ్మమాను మీద చెయ్యి వేసి కాసేపు అట్లాగే నిలబడ్డాడు. అతనికీ భయమేసిందని తిరుపతిసామికి అప్పుడు తెలిసింది. పై అధికారి భయపడితే కింది మనిషికి ఇంకేం ధైర్యం ఉంటుంది?

బాట మూయలేదు. మూసి ఊళ్ళో బతకగలడా? కొడవలి తీసుకుని ఒక్కడే గడ్డి కోతకు కూర్చున్నాడు. ఆ బోద అతని చేతివేళ్ళను కోసేసింది. పొద్దున మొదలుపెడితే ఎండ నెత్తికెక్కేసరికి నాలుగు బారలు సాగేది. కోసినదాన్ని అక్కడే వదిలితే నిప్పుకు పక్క పరిచినట్టే గనుక మోపులు కట్టి బయటికి మోసేవాడు. ఊరి వైపు నుంచి గుట్ట మలుపు దాకా రెండు పక్కలా బోడి చెయ్యగలిగాడు. మలుపు దగ్గర రాళ్ళ మధ్య కొంత మేర మిగిలిపోయింది. గాలి గుట్ట సందులోంచి ఈల వేసుకుంటూ వచ్చి పడేది సరిగ్గా అక్కడే.

బావిలో నీళ్ళు అడుగంటాయి. అయినా ఇంటి బానల్లోవి అడిగి, అరిచి, రెండు కుండలు తీసుకుపోయి మలుపు దగ్గర పెట్టాడు. నిప్పును కొట్టడానికి పచ్చిమండ విరవడానికి లేదు గనుక గోనెసంచి తడిపి పెట్టుకున్నాడు. ఆఖరికి ఇంకో ఉపాయం ఆలోచించాడు. చట్టిలో వేసే కట్టెను బట్టి కదా రవ్వలు లేచేది! పాత తుమ్మచేవ కాల్చిన బొగ్గు తెచ్చి, ఒక్కొక్క ముక్కా పొయ్యిలో వేసి చూశాడు. చిటపటలాడినది పారేశాడు. చప్పుడు లేకుండా ఎర్రబడినవే ఏరి తట్టకెత్తాడు. వీరమ్మాళ్ పక్కన కూర్చుని చూసింది.

“దీంతో మంట లేస్తాదా బావా?”

“మంట వద్దు. కణకణమంటే చాలు.”

పండుగనాడు పొద్దు వాలుతుండగా బావి దగ్గర ఊరంతా చేరింది. వీరమ్మాళ్ పసుపునీళ్ళ స్నానం చేసి, పిండని పసుపుచీరతోనే నిలబడింది. పూజారి పాలసామి ఆమె అరచేతుల్లో వేపమండలు పరిచి, వాటి మీద చట్టి పెట్టాడు. ఉరుమి డోలు మోగింది. ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ కులవ పెట్టారు. ఆమె కళ్ళు సగం మూతపడ్డాయి, పెదవులు కదిలాయి. “అమ్మ వచ్చేసింది,” అన్నారెవరో. తిరుపతిసామి చిన్నతాయిని పక్కింటి ఆడమనిషి చంకకెత్తి, తడి గోతాం భుజాన వేసుకుని, బొగ్గుల తట్టతో పెళ్ళాం పక్కన నడిచాడు. గురువమ్మాళ్ కోడలి రెండోవైపు నడిచింది.

వనంలోకి అడుగుపెట్టాక ఉరుమి చప్పుడు చెట్ల మధ్య వేరుగా వినిపించింది. తిరుపతిసామి ముందు చూడడం లేదు, చట్టినే చూస్తున్నాడు. గాలి వచ్చినప్పుడల్లా బొగ్గులు ఎర్రబడి మళ్ళీ నల్లబడుతున్నాయి. రవ్వ లేవడం లేదు. బోడిచేసిన నేల రెండు పక్కలా సాగింది. ఇదయ్యాక మలుపు, మలుపు దాటితే గుట్ట రాతినేల, ఆ తర్వాత గుడి. ఒక్క మలుపు దాటించు తల్లీ అనుకున్నాడు. ఆమె నిప్పు నుంచి కాపాడమని ఆమెనే అడుగుతున్నానే అని మళ్ళీ తనకే భయమేసింది.

వనం మీది భయంతో అతను నిప్పును తగ్గిస్తే, ఆ తగ్గడమే వెనకవాళ్ళను భయపెట్టింది. మొదట ఒక ముసలామె గొణిగింది. తర్వాత ఇంకొకామె. “మంట లేదే.” “ఆరిపోతావుండాదే.” “అమ్మకు సమ్మతం లేదో ఏమో.” పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు కులవ ఆపేశారు. గురువమ్మాళ్ చట్టిలోకి తొంగిచూసింది. బొగ్గుల మీద బూడిద తెల్లగా పేరుకుంది. ఆమె ముఖం పాలిపోయింది.

“ఆర్లేదమ్మా. లోపల ఉండాది,” అన్నాడు తిరుపతిసామి.

అరవై ఏళ్ళ మనిషికి నిప్పు సంగతి కొడుకు చెప్పాలా? మంట లేని నిప్పు ఆమెకు చచ్చిన నిప్పే. కొంగుముడి విప్పింది. గుడిలో వెయ్యడానికి తెచ్చుకున్న గుగ్గిలం పొడి గుప్పెడు. తిరుపతిసామి చూశాడు. “వద్దమ్మా,” అన్నాడు. అనేలోపే ముసలి చెయ్యి విసిరేసింది. మనవరాలి కోసం విసిరింది, అందుకే గట్టిగా విసిరింది.

చట్టిలోంచి మంట భగ్గున వీరమ్మాళ్ నెత్తి దాటి లేచింది. జనం ఒక్కసారిగా కులవ పెట్టారు. వీరమ్మాళ్ ముఖం పక్కకు తిప్పుకుంది, చట్టి ఒరిగింది. గాలి సరిగ్గా అప్పుడే గుట్ట సందులోంచి వచ్చింది. మండుతున్న గుగ్గిలం ముద్ద ఒకటి, దాంతోపాటు గుప్పెడు నిప్పులూ ఎగిరి, రాళ్ళ మధ్య కొయ్యకుండా మిగిలిన గడ్డిలో పడ్డాయి.

గడ్డి చిన్నగా చిటచిటమంది. తెల్లటి పొగ, దాని వెనకే ఎర్రటి నాలుక. తిరుపతిసామి ఏడేళ్ళుగా నిద్రలో విన్న చప్పుడు అది.

ఎవరూ కదల్లేదు. కదలరు. చట్టిలోంచి పడిన నిప్పును తొక్కరు, కొట్టరు, నీళ్ళు పోసి ఆర్పరు. అది దారిలో దిగిన అమ్మ. దిగినామెకు దణ్ణం పెడతారు. “అమ్మ దిగిందిరా,” అని పూజారి చేతులు జోడించాడు. ఊరంతా జోడించింది. పొగ మోకాలెత్తుకు వచ్చింది. ఎదుట మొదటి వరస తుమ్మ. దాని కింద రాలిన ఎండాకు. దాని వెనక ఇంకో వరస, ఇంకో వరస.

గోతాం భుజం మీదే ఉంది, నీళ్ళకుండలు చేతికందేంత దూరంలో ఉన్నాయి. కొట్టు, కొట్టు అని తిరుపతిసామి లోపల ఎవరో అరుస్తున్నారు. ఎవరిని కొట్టడం? చిన్నతాయిని ఇచ్చినామెను తడి గోతాంతో బాదడమా? పక్కింటామె చంకలోంచి పిల్ల అతన్నే చూస్తోంది. అతని కాళ్ళు భూమిలోకి దిగిపోయాయి. చేతులు లేచాయి. గోతాం కోసం కాదు. అవి వాటంతట అవే లేచి, ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి, దణ్ణం పెట్టడానికి.

అప్పుడు వీరమ్మాళ్ బాట దిగింది.

చట్టి చేతుల్లోనే ఉంది. దించలేదు, వెనక్కి తిరగలేదు. రాళ్ళ మధ్యకు నడిచి, ఉత్తకాళ్ళతో ఆ నిప్పు మీద నిలబడింది. ఒక కాలు, తర్వాత రెండో కాలు. తడిచీర కుచ్చెళ్ళు గడ్డి మీద ఈడ్చింది. సుయ్‌మంది. ఆమె పళ్ళు బిగించి, తొక్కినచోటే మళ్ళీ తొక్కుతూ, నిప్పు పాకినవైపల్లా తిరిగింది. మంట అణిగింది. పొగ నల్లబడి, పలచబడి, ఆగిపోయింది. జనంలోంచి ఒక్కసారిగా ఏడుపు లేచింది. “అమ్మే. అమ్మే తన అగ్గిని తనే అణుచుకొనింది,” అని పూజారి నేలమీద సాష్టాంగపడ్డాడు. చట్టి ఎత్తిన ఆడదాని పాదం ఆ పూట ఆమెది కాదు గదా, అమ్మది. ఆ పాదం తొక్కితే తప్పేముంది? తిరుపతిసామి అప్పుడు కుండలు తెచ్చి నల్లబడిన చోటంతా నీళ్ళు కుమ్మరించాడు. సగం నీళ్ళు తన కాళ్ళ మీదే పోసుకున్నాడు.

వీరమ్మాళ్ గుడిదాకా నడిచింది. చట్టి ఆరకుండా దించింది. ఆ తర్వాతే కింద కూలబడింది.

చీకటి పడకముందే ఆ మలుపు దగ్గర ఒక రాయి నాటి పసుపు పూశారు. అక్కడ అమ్మ కాలు మోపింది, ఇక ఈ వనంలో మేకను తోలినవాడి వంశం ఉండదు, కొమ్మ విరిచినవాడి చెయ్యి ఉండదు అని పూజారి అందరి ముందూ చెప్పాడు. ఏడేళ్ళు సర్కారు కంప చెయ్యలేని కాపలా ఒక్క మాటతో అయిపోయింది. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు ఒక్కొక్కరే వచ్చి, వీరమ్మాళ్ కాలిన పాదాలకు నెత్తి తాకించి పోయారు. గురువమ్మాళ్ కూడా కోడలి కాళ్ళకు దణ్ణం పెట్టింది. వీరమ్మాళ్ ఎవరినీ వద్దనలేదు. ఎవరి ముఖమూ చూడలేదు.

రాత్రి, గురువమ్మాళ్ గుడి దగ్గరే ఉండిపోతే, ఇంట్లో వాళ్ళిద్దరే మిగిలారు. పిల్ల అలిసి గోడవార నిద్రపోతోంది. తిరుపతిసామి కలబంద చీల్చి, గుజ్జు తీసి పెళ్ళాం అరికాళ్ళకు పూస్తున్నాడు. బొబ్బలు లేచి చర్మం జారిపోయింది. అతనికి కళ్ళనీళ్ళు ఆగడం లేదు, కానీ మనసు తేలిగ్గానే ఉంది. వనం మిగిలింది, మొక్కు తీరింది, బిడ్డ మిగిలింది.

“బావా,” అంది ఆమె. “ఒకటి చెప్పాల. ఎవురికీ చెప్పొద్దు.”

“చెప్పు.”

“అమ్మ నా మీదికి రాలేదు.”

అతని చెయ్యి ఆగిపోయింది.

“బావి కాడ్నుంచి చూస్తానే ఉంటిని, వస్తాది వస్తాదని. రాలేదు. చేతులు కాలేది తెలుస్తానే ఉండె. కాళ్ళు కాలేది తెలుస్తానే ఉండె. అమ్మ వచ్చుంటే తెలుస్తాదా? అగ్గిని తొక్కింది నేనే, నా కాళ్ళతోనే.”

బయట ఎవరో గుడికేసి పోతూ పాడుకుంటున్నారు. తిరుపతిసామి లేచి తలుపు దగ్గరకు వేసి వచ్చాడు.

“మరి ఎందుకు తొక్కితివి?”

“నువ్వు చెయ్యెత్తేది చూస్తిని గద. గోతాం తీసి కొట్టబోతావుంటివి. ఇంత కష్టపడి పెంచినోడివి, కొట్టకుండా ఉంటావా? నువ్వు కొట్టుంటే ఊరు వదుల్తాదా? రేపు బిడ్డకు తల నొచ్చినా, నాయనే అమ్మను కొట్టి చేసుకున్నాడంటారు. నేను తొక్కితే అమ్మే తొక్కిందంటారు. నువ్వు కొట్టేదానికి ముందే పోయి తొక్కేస్తిని.”

అతను దీపం వైపు చూశాడు.

“నాకు ఒకటే బయం బావా. అమ్మకు తెలుసు గద ఎవురు తొక్కిందో. ఊరిని ఏమార్చొచ్చు. ఆమెను ఎట్ల ఏమార్చేది?” ఆమె అతని ముఖంలోకి చూసింది. “నువ్వు కొట్టేటోడివే గద? నేను రాకుంటే కొట్టేటోడివే గద?”

తన చేతులు లేచింది దణ్ణం పెట్టడానికేనన్న నిజం ఒకటి అతని దగ్గర ఉంది. కాలిన ఆ అరికాళ్ళను చూస్తూ దాన్ని చెప్పే ధైర్యం అతనికి లేదు.

“ఊ,” అన్నాడు.

“సరి,” అంది వీరమ్మాళ్. పొద్దుట్నుంచి మొదటిసారి ఆమె భుజాలు సడలాయి. “అయితే ఇద్దరం చేసిందే. కోపమొస్తే మన ఇద్దరి మీద రానీ. బిడ్డ ఏం చేసింది పావం.” గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. కాసేపటికి నిజంగానే నిద్రపోయింది.

తిరుపతిసామి కలబంద తొక్క కింద పెట్టి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు. పిల్ల దగ్గరకు పోయి కూర్చున్నాడు. నుదుటి మీద చెయ్యి వేశాడు. చల్లగానే ఉంది. చెయ్యి తీశాడు. ఇంతలో ఏమైనా మారిందేమోనని మళ్ళీ వేశాడు.